అబిగయీలు తెర మూసిన వేళ

అబిగయీలుకు నలభై ఆరేళ్ళు. వాటిలో పద్నాలుగేళ్ళు ఆమె రాత్రిపూట సరిగ్గా కన్ను మూసింది లేదు. జబ్బేమీ లేదు, చేసే పని అట్లాంటిది. ఇందుకూరుపేట నుంచి మైపాడు పోయే దారిలో నరేంద్రబాబుకు నాలుగు రొయ్యల గుంటలున్నాయి. వాటి కాపలా ఆమెది. గుంట కాపలా అంటే దొంగల కోసం కర్ర పట్టుకొని కూర్చోవడమేనని తెలియనివాళ్ళు అనుకుంటారు. దొంగలదేముంది, ఏడాదికొకసారి వస్తే వస్తారు, లేకపోతే లేదు. తెల్లవారుజాము మాత్రం రోజూ వస్తుంది. పగలంతా ఎండ పడి నీళ్ళలోని పచ్చదనం గాలి పుట్టిస్తుంది, రొయ్య పీల్చుకొని బతుకుతుంది. పొద్దు గూకాక పుట్టేది ఆగిపోతుంది, పీల్చేది ఆగదు. మూడూ నాలుగయ్యేసరికి నీళ్ళలో గాలి అడుగంటుతుంది. ఆ వేళకు నీళ్ళు చిలికే ఏరియేటర్లు తిరగకపోతే, తెల్లారేసరికి రొయ్య మొత్తం చచ్చి గట్టుకు కొట్టుకొస్తుంది. పద్నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా అబిగయీలు కాపలాలో అట్లా జరగలేదు. చుట్టుపక్కల గుంటలవాళ్ళు కూడా ఆమె పేరు మర్యాదగానే తలిచేవాళ్ళు.

మర్యాద సరే, మనిషికి నిద్రుండాలి కదా. ఆమె మొగుడు టైటస్ కృష్ణపట్నంలో కంపెనీ వ్యాను తోలతాడు. అతను ఇల్లు చేరే వేళకు ఈమె గుంటకు బయలుదేరేది. ఆదివారం ప్రార్థనకు పోతే, పాస్టరుగారు వాక్యం మొదలుపెట్టిన కాసేపటికే ఆమె తల వాలిపోయేది. పక్కన కూర్చున్న ఆడవాళ్ళు మోచేత్తో పొడిచేవాళ్ళు. మొన్న వానాకాలం వెళ్ళగానే ఆమె నరేంద్రబాబు దగ్గరికి పోయి నిలబడింది. పగటి పని ఏదైనా ఇమ్మంది, కూలి తగ్గినా పర్లేదంది. గుంట పని ఇక తన వల్ల కాదని చెప్పి, చెబుతూనే ఏడ్చింది.

నరేంద్రబాబుకు గుంటల పక్కనే అరెకరా పాలీహౌస్ ఉంది. ఇనప గొట్టాల మీద ప్లాస్టిక్ కప్పిన షెడ్డు. నాలుగు పక్కలా దోమ దూరకుండా సన్నటి వల, వల మీద ప్లాస్టిక్ తెరలు. పిడి తిప్పితే తెర పైపుకు చుట్టుకొని పైకి లేస్తుంది, వెనక్కి తిప్పితే దిగుతుంది. ఎక్కడినుంచో తెచ్చిన మనిషి అందులో మొదటి పంట బజ్జీమిరప వేశాడు, తుఫానుకు అది కాస్తా పోయింది, పంటతో పాటు మనిషీ పోయాడు. కప్పు నడిమధ్య వేడి పోవడానికి వదిలిన సందు వల చినిగితే, నరేంద్రబాబు దానిమీద ప్లాస్టిక్ పట్ట కట్టించి ఊరుకున్నాడు. ఇప్పుడు షెడ్డు తాళాలు అబిగయీలు చేతిలో పెట్టి, కీరదోస వెయ్యమన్నాడు. మార్చి ఆఖరుకు రోజుకు మూడొందల కిలోలు తెగితే షెడ్డు ఉంటుంది, లేకపోతే ఇనుము అమ్మేసి అక్కడ ఐదో గుంట తవ్విస్తానని కూడా చెప్పాడు. గుంట తవ్వితే దాని కాపలాకు ఎవరిని పిలుస్తాడో ఆమెకు తెలుసు.

ఆమె కష్టపడలేదని ఎవరూ అనడానికి లేదు. జనవరిలో నాలుగువేల ఎనిమిది వందల మొక్కలు నాటించింది. ప్రతి తీగనూ దారం కట్టి పైకి పాకించింది, పిలకలు గిల్లించింది, నీళ్ళ గొట్టాలు తన చేత్తో కడిగింది. కూలికి ఎనిమిదిమంది ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. వాళ్ళలో పెద్దది వెంకటశేషమ్మ. కొడవలూరు పక్క వరినాట్లలో నడుము విరగ్గొట్టుకున్న మనిషి, అరవై దాటింది, నోరు మంచిది కాదు. చేతులు మాత్రం బంగారం.

అబిగయీలుకు అలవాటు ప్రకారం మూడున్నరకే మెలకువ వచ్చేది. ఇక పడుకోలేక షెడ్డుకు వచ్చేసేది. నాలుగింటికి పిడి తిప్పి నాలుగు పక్కలా తెరలు ఎత్తేసేది. మొక్క కూడా ప్రాణమే కదా, రాత్రంతా మూసిన షెడ్డులో ఊపిరాడక ఉంటుంది, తెల్లవారుజామున దానికి గాలి అందాలి. ఇది ఆమె లెక్క. ఆరున్నరకు పొద్దు పొడవగానే మళ్ళీ తెరలన్నీ దించేసేది. పొద్దు పొడిస్తే గాలి పుట్టుకొస్తుంది, ఇంక బయటినుంచి గాలెందుకు? గుంట మీద ఆ వేళకు మిషన్లు ఆపడం ఆమెకు కళ్ళు మూసుకున్నా వచ్చిన పని. మూసి ఉంచితే తెల్లదోమ రాదు, ఉప్పుగాలి తగలదు, అదొక లాభం. మళ్ళీ పదకొండింటికి, లోపల వేడికి మనుషులు నిలవలేనప్పుడు తెరిచేది. అప్పుడు పైన నీడవల కూడా లాగేది, పొద్దు గూకాక తెరలు దించి ఇల్లు చేరేది. పద్నాలుగేళ్ళు నేర్చిన విద్యను ఒక్క రోజు కూడా తప్పకుండా తీసుకొచ్చి ఇక్కడ పెట్టింది పాపం. అది నీళ్ళలో ప్రాణికి నేర్చిన విద్య అన్న సంగతే తట్టలేదు.

ఎనిమిదింటికి సద్ది తినే వేళ. ఎనిమిదిమందీ షెడ్డు పడమటి మూల చేరి గిన్నెల మూతలు తీసేవాళ్ళు. లోపలేమో ఆవిరి పట్టినట్టుండేది. మొదటి వారమే వెంకటశేషమ్మ ఆ మూల తెర అడుగు పట్టుకొని నడుమెత్తు పైకి లేపి తాడుతో గుంజకు కట్టేసింది. అబిగయీలు చూసి కోప్పడింది. ముసలామె అన్నం ముద్ద చేతిలో పట్టుకొనే జవాబు చెప్పింది.

"పొద్దెక్కినాకే పైరుకు గాలాడాల మే. ముసుగుదన్ని పెడితే యాడ పెరిగిద్ది? మాకే ఈడ ఊపిరాడటంలా."

గుంటలో ఏ వేళకు ఏమవుతుందో నీకేం తెలుసక్కా అని అబిగయీలు తీసిపారేసింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని కూర్చున్న మనిషికి నాలుగో కాలు ఎవరు చూపిస్తారు? ఆమె చూస్తుండగా వెంకటశేషమ్మ తెర దించేది. ఆమె అటు తిరగగానే మళ్ళీ ఎత్తి కట్టేది. పని ముగించుకొని పదకొండుకు ఇంటికి పోయేదాకా ఆ మూల అట్లాగే తెరిచి ఉండేది. నరేంద్రబాబు ఒకరోజు ఫోన్ చేస్తే, ముసలామె మాట వినదని, మూల తెర ఎత్తి ఉప్పుగాలి రానిస్తున్నదని అబిగయీలు ఫిర్యాదు కూడా చేసింది.

మార్చి వచ్చింది. కోత మొదలైంది. తీగలు ఎత్తుకు ఎత్తు పెరిగాయిగాని సన్నగా, పీలగా, ఆకుకూ ఆకుకూ నడుమ బారెడు సందుతో సాగాయి. పిందెలు వేలెడంత అయ్యేవి, పసుపు తిరిగేవి, రాలిపోయేవి. ఎంత కోసినా రోజుకు నూటిరవై కిలోలు దాటేది కాదు. ఎరువు పెంచింది, తగ్గించింది. నీళ్ళు పెంచింది, తగ్గించింది. విత్తనం మంచిది కాదేమో అనుకుంది. మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేసింది. దేవుడు మాత్రం ఏం చేస్తాడు, తెర పిడి ఈమె చేతిలో ఉంటే.

పడమటి మూలలో మాత్రం ఓ నలభై చెట్లు తెగ కాస్తున్నాయి. ఆకు మంచి దళసరి, కణుపు కణుపుకూ కాయ. అది చూసేసరికి ఆమె కడుపు మండిపోయింది. ఈ ముసలామె ఎరువు నీళ్ళ డ్రమ్ములోంచి దొంగతనంగా ముంచి తన మూల చెట్లకు పోస్తున్నదని తీర్మానించుకుంది. ఎందుకు పోస్తుంది, పోస్తే ఆమెకేం వస్తుంది అని అరనిమిషం ఆలోచించినా సరిపోయేది. కానీ ఆరునూరైనా తన తప్పు లేదని అనుకునేవాళ్ళకు దొంగ ఒకరు కావాలి. ఒక పొద్దున, అందరూ సద్దికి కూర్చున్న వేళ, అబిగయీలు నేరుగా పోయి వెంకటశేషమ్మ గిన్నె మూత తీసి, అడుగున మిగిలిన గంజి వాసన చూసింది. ఎరువు నీళ్ళు ముంచింది ఈ గిన్నెతోనే కదా అని అందరి ముందర అడిగింది.

ముసలామె అరవలేదు. గిన్నె తీసుకుంది, కడుక్కుంది, ఆ రోజు పని ముగించుకొని పోయింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. అబిగయీలుతో మాట్లాడటం మటుకు మానేసింది.

అది జరిగిన ఐదో రోజున వాణి అనే పిల్ల వచ్చింది. ఉద్యాన కళాశాలలో పై చదువు చదువుతోంది. తీరం వెంట షెడ్లలో కూరగాయ మొక్క పొద్దున్నించి సాయంత్రం దాకా ఏ గంటకు ఎంత ఆహారం తయారుచేసుకుంటుందో కొలవడం ఆమె చదువులో భాగం. ఐదుముప్పావుకే స్కూటీ వేసుకొని వచ్చి, సబ్బుపెట్టెంత మీటరు ఒకటి తీగకు వేలాడదీసింది. ఆకుకు తగిలించే పరికరం ఇంకొకటి తెచ్చింది. పది లక్షల పాళ్ళ గాలిలో బొగ్గుపులుసు వాయువు, అదే కార్బన్ డయాక్సైడ్, ఎన్ని పాళ్ళుందో మీటరు చెబుతుందట. ఎండ వెలుగులో ఆకు తినే తిండి అదేనంది. నీళ్ళు వేరు ఇస్తుంది, వెలుగు పొద్దు ఇస్తుంది, ఈ మూడోది గాలిలోంచే రావాలంది.

మీటరు నాలుగొందల నలభై చూపించింది. వాణి బయటికి పోయి చూస్తే నాలుగొందల ముప్పై. ఆమె ఆశ్చర్యపోయింది. రాత్రంతా మూసిన షెడ్డులో ఆకులూ, వేళ్ళూ, పశువుల ఎరువు వేసిన మన్నూ వదిలిన ఆ వాయువు చేరి, తెల్లారేసరికి ఏడెనిమిది వందలు ఉండాలట. నాలుగింటికే తెరలు ఎత్తానని అబిగయీలు చెప్పింది. మొక్కకు వండిపెట్టిన సద్దిని పొద్దు పొడవకముందే పారబోస్తున్నారని వాణి నవ్వింది. అబిగయీలుకు నవ్వు రాలేదు.

ఆరున్నరకు ఆమె అలవాటు ప్రకారం తెరలు దించింది. వాణి ఆపలేదు, ఉన్నది ఉన్నట్టు కొలవడమే తన పని కాబట్టి. ఏడింటికి మీటరు మూడొందల తొంభై అంది. ఏడున్నరకు మూడొందలు. పొద్దు ఎక్కేకొద్దీ ఆకులు ఆబగా తింటున్నాయి, బయటినుంచి వచ్చేది లేదు. ఎనిమిదింటికి రెండొందల ముప్పై. ఎనిమిదీ ముప్పావుకు నూట డెబ్బై దగ్గర అంకె నిలబడిపోయింది. ఆకుకు తగిలించిన పరికరం కూడా అదే చెప్పింది. ఎండ ఉంది, నీళ్ళున్నాయి, ఆకు మాత్రం పస్తులుంది.

వాణి మీటరు తీసుకొని పడమటి మూలకు నడిచింది. ఆడవాళ్ళు సద్ది తిని లేస్తున్నారు. తెర నడుమెత్తున కట్టి ఉంది. అక్కడ మీటరు మూడొందల అరవై చూపించింది. అబిగయీలు ఆ అంకెను చూసింది, దళసరి ఆకుల్ని చూసింది, వెంకటశేషమ్మ వైపు చూడలేకపోయింది.

పదకొండుకు తెరలు ఎత్తితే మీటరు మళ్ళీ నాలుగొందలకు వచ్చింది. అప్పటికి లోపల ముప్పైతొమ్మిది డిగ్రీలు. ఆకు అడుగున కంటికి కనపడని నోళ్ళుంటాయని, వేడి ముదిరితే లోపలి నీళ్ళు ఆవిరైపోకుండా ఆకు వాటిని మూసుకుంటుందని వాణి చెప్పింది. తిండి ముందర పెట్టినా నోరు తెరవదు. మళ్ళీ మూడింటికి ఎండ తగ్గాక ఆకులు కాస్త తిన్నాయి, ఐదింటికల్లా ముగించాయి. సాయంత్రం వాణి, ఆకు ఏ గంటకు ఎంత తిన్నదో చెప్పే రెండు గీతలు ఫోనులో చూపించింది. మంచి షెడ్డు గీత పొద్దుతో పాటే లేచి పదింటిదాకా ఎక్కి, మధ్యాహ్నం కుంగి, మూడింటికి కొంచెం లేచి దిగింది. ఈ షెడ్డు గీత ఏడున్నరకే కూలబడింది. రోజులో మొక్క ఎక్కువ సంపాదించుకునేది పొద్దున పూటేనని, ఆ పూటంతా ఇక్కడ మూతేసి ఉందని వాణి చెప్పింది.

అబిగయీలు ఒకటే అడిగింది. గుంటలో పొద్దున ఏడు పాయింటు ఎనిమిది ఉండే పీహెచ్ సాయంత్రానికి ఎనిమిదిన్నర అవుతుంది, నీళ్ళలోని పచ్చదనం ఈ వాయువునే తినేసినందువల్లనా అని. అవునంది వాణి, అదీ ఇదీ ఒకటే పని అంది. పద్నాలుగేళ్ళపాటు రోజూ రెండుపూటలా ఆ అంకె తన చేత్తో రాసింది అబిగయీలు. గుంటలో ఆమె కాపాడింది రొయ్యని, రొయ్యకు కావలసిన గాలి వేరు. ఇక్కడ కాపాడాల్సింది ఆకుని. ఆకుకు లోటు వచ్చేది తెల్లవారుజామున కానే కాదు, పొద్దెక్కినాకే. ఆ మాట ఆమెకు వెంకటశేషమ్మ జనవరిలోనే చెప్పింది.

మర్నాడు ఆమె నాలుగింటికి తెరలు ముట్టుకోలేదు. ఏడింటికి ఎత్తింది. మూల నలభై చెట్ల కాయ వేరేగా, నడిమి వరసలో నలభై చెట్ల కాయ వేరేగా కోయించి తూకం వేసింది. మూలవి ఎనిమిదిన్నర కిలోలు. నడిమివి తొమ్మిదొందల గ్రాములు. పట్టీ మీద రాసి జాకెట్టులో దోపుకుంది. దాన్ని ఎవరికి చూపించాలో, చూపిస్తే ఏమవుతుందో ఆ రాత్రి ఆలోచిస్తూ పడుకుంది, నిద్ర పట్టలేదు.

ఆ మర్నాడే నరేంద్రబాబు వచ్చాడు. మార్చి ఆఖరు దాకా ఆగలేదు. గుంటలు తవ్వే పొక్లెయిన్ మనిషిని వెంటబెట్టుకొని, షెడ్డు చుట్టూ అడుగులు కొలిపించాడు. కోపంగా లేడు, అదే చిక్కు. ఎంతో నిదానంగా, ఓదార్పుగా మాట్లాడాడు.

"నీ తప్పేంలా అబిగయీలూ. సముద్రం పక్కన కూరగాయలేందని అందరూ చెప్తానే ఉన్నారు, నేనే విన్లా. దానికి తోడు ఆ ముసలామె తెర ఎత్తి ఉప్పుగాలి రానిచ్చె. గుంట తవ్విద్దాం. నాలుగూ ఒకటీ ఐదు, అన్నిటికీ నువ్వే పెద్ద. గట్టు మీద నీకు సిమెంటు గది కట్టిస్తా, నీ కింద ఇద్దరు మనుషుల్ని పెడతా."

వినడానికి ఎంత బాగుందో చూడండి. తప్పు సముద్రానిదీ, ముసలామెదీ అయిపోయింది. ఆమె చేయాల్సిందల్లా తల ఊపడం. పెత్తనం వస్తుంది, గది వస్తుంది, పరువు చెక్కుచెదరదు. ఎనిమిదిమంది ఆడవాళ్ళ పని పోతుంది, తన నిద్ర పోతుంది. ఆడవాళ్ళు కాయల పెట్టెలు పట్టుకొని నిలబడి వింటున్నారు. వెంకటశేషమ్మ మాత్రం వినిపించనట్టు దారాలు సర్దుతోంది. అబిగయీలుకు భయమేసింది, సిగ్గేసింది. నోరు తెరిస్తే తాను తెలివితక్కువదని, పైగా అభాండాలు వేసే మనిషని పదిమందిలో ఒప్పుకున్నట్టే.

"ఉప్పుగాలి కాదన్నా," అంది. "తెర మూసింది నేను. పొద్దెక్కినాక చెట్టుకు గాలి కావాలంటే నేను మూసిపెట్టినా, వద్దనే యాళకు తెరిచినా. ఎత్తమని శేషమ్మక్క ముందే చెప్పింది, నేను విన్లా. ఆమె ఎత్తిన మూలొక్కటే కాసింది."

పట్టీ తీసి ఇచ్చింది. నరేంద్రబాబు రెండుసార్లు చదివాడు. మూలకు నడిచి చెట్లను చూశాడు, నడిమి వరసకు వచ్చి చూశాడు. పొక్లెయిన్ మనిషి ఎండలో నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. ఇన్నాళ్ళూ ఎవరి మాటా వినకుండా మూసినావా అని నరేంద్రబాబు అడిగాడు. విన్లేదన్నా అంది ఆమె. ఎరువు దొంగతనమని ముసలామె గిన్నె వాసన చూసిన సంగతి కూడా, అతను అడగకపోయినా చెప్పేసింది.

అతనికి ఇప్పుడు నిజంగా కోపం వచ్చింది. ఈ పంట అయ్యేదాకా గుంట మాట ఎత్తనని పొక్లెయిన్ మనిషిని పంపేశాడు. తర్వాత చెయ్యి చాపి తాళాలు అడిగాడు. అబిగయీలు కొంగు ముడి విప్పి ఇచ్చింది. అతను వాటిని తీసుకుపోయి వెంకటశేషమ్మ చేతిలో పెట్టాడు. నువ్వు ఉంటావో, కూలికి వస్తావో, ఇంట్లో కూర్చుంటావో నీ ఇష్టమని అబిగయీలుతో చెప్పి బండి ఎక్కాడు.

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తే ఒక పనైపోతుంది. పైసందు మీది పట్ట పీకించి కొత్త వల కట్టారు. తెరలు పొద్దు పొడిచిన అరగంటకు లేచాయి, పదిన్నరకు నీడవల పడింది, మధ్యాహ్నం మొక్కల మీద సన్నగా నీళ్ళ పొగ కొట్టారు. పది రోజులకు పిందె రాలడం ఆగింది. మార్చి ముప్పైన మూడొందల పన్నెండు కిలోలు తెగింది. పొక్లెయిన్ మళ్ళీ రాలేదు.

తాళాలు చేతులు మారిన మర్నాడు పొద్దున మాత్రం ఇవేవీ ఎవరికీ తెలియవు. ఏడింటికి ఆడవాళ్ళు షెడ్డు ముందు వరసగా నిలబడ్డారు. అబిగయీలు కూడా వచ్చింది, చివర్న నిలబడింది, చేతిలో ఖాళీ పెట్టె పట్టుకొని. టైటస్ వద్దన్నాడు, మొహం ఎట్లా చూపిస్తావన్నాడు. అయినా వచ్చింది. వెంకటశేషమ్మ తలుపు తీసింది, నాలుగు పక్కలా పిడి తిప్పి తెరలు ఎత్తింది. ఒక్కొక్కరికి ఒక్కో వరస చెప్పి లోపలికి పంపింది. ఆఖరున అబిగయీలు మిగిలింది.

"తప్పు నాదేనక్కా," అంది అబిగయీలు. "క్షమించు."

ముసలామె ఆమెను తల నుంచి కాళ్ళ దాకా చూసింది.

"తెర సంగతి మరిచిపోతా. నువ్వు నా గిన్నె వాసన చూసినావే, అది మటుకు చచ్చేదాకా మరవను. పో, ఐదో వరస నీది."

అబిగయీలుకు కళ్ళనీళ్ళు తిరిగాయి. గుంట గట్టుకు పోయి ఉంటే ఆమెను ఈ మాట అనగలిగేవాళ్ళు ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ఆమె పెట్టె చంకన పెట్టుకొని ఐదో వరసలోకి నడిచింది.